గుర్రం వెంట్రుక

కర్నూలు పెద్దాసుపత్రి, ఎండోస్కోపీ గది.
ఏసీ నీళ్లు కారే చోట బకెట్ పెట్టి
స్కోపు మూతికి గాజులాంటి టోపీ తొడుగుతాను.
దాని చుట్టూ ఆరు రబ్బరు చుట్లు,
నల్లగా, సాగి, ఊపిరి బిగబట్టి,
వదిలితే చాలు అన్నట్టు.

బల్ల మీద ఎడమ పక్కకు ఒరిగి హుసేనప్ప.
ఎర్రగడ్డల యార్డులో హమాలీ.
మొన్న తెల్లారుజామున బస్తా భుజాన ఉండంగనే
తలగుడ్డ తడిసేంత నెత్తురు కక్కినాడు.
తాగుతాడా అని అడిగినారు క్యాజువాలిటీలో.
తాగుతాడా అని అడిగినారు వార్డులో.
స్ట్రెచర్ తోసే పిల్లోడు కూడా అడిగినాడు.
నాలుగోసారి నేనడిగేలోగా
పెండ్లాం మాబున్ని కొంగు నోట్లో కుక్కుకుని
తల అడ్డంగా ఊపింది.
కాగితంలో కామెర్ల పురుగు పేరుంది.
ఏ సూదిలోంచి వచ్చిందో, ఎవరి గడ్డం గీసిన బ్లేడులోంచో
కాగితానికీ తెలీదు.

"మద్దిలేటన్నా, రెడీనా?" డాక్టరమ్మ.
గొంతులో చేదు మందు కొట్టి
పండ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి
"మింగు పెద్దాయనా, మింగు" అంటాను.

తెర మీద
రాయైన కాలేయంలో దారి దొరకని నెత్తురు
అన్నవాహిక గోడల కింద ఉబ్బి పడుకుంది,
తూము పూడితే కేసీ కాలువ
గట్టు కిందినుంచి పక్క చేలల్లోకి ఊరినట్టు.
ఒకదాని మీద ఎర్రటి చుక్క.
అదే.
అడుగునుంచి మొదలు.
పీల్చు. తెరంతా ఎర్రన. ఆగు.
చక్రం తిప్పు.
టిక్.

నా ఎడమ మణికట్టు మీద పులిపిరికి
మా అవ్వ, జట్కా స్టాండులో అడుక్కొచ్చిన
గుర్రం తోక వెంట్రుక ముడేసింది.
"పీకొద్దు రా. దానికి కూడూ నీళ్లూ ఆపినాం.
అదే పోతుంది."
నల్లబడింది. ఎండింది.
ఒకరోజు బడిలో పలక తుడుస్తుంటే, లేదు.
ఈ రబ్బర్ల డబ్బా మీద ఏవేవో నంబర్లున్నాయి,
అవ్వ పేరు లేదు.

టిక్. టిక్.
నాలుగోది జారింది. డాక్టరమ్మ పండ్లు కొరికింది.
ఐదోది పట్టింది.
ఆరోది టోపీకే మిగిలింది.

లేచి కూర్చున్నాడు. కండ్లల్లో నీళ్లు, మీసానికి జొల్లు.
"ఎన్ని కట్టినారు సార్?"
"నాలుగు."
"నేను దినానికి రెండొందల మూటల మూతులు కడతా,"
అన్నాడు బొంగురుగా,
గర్వమో, నా మీద జాలో.

చల్లటి జావ తాగు. సంకటి వద్దు, గొడ్డుకారం వద్దు.
మూడు వారాలకు మళ్లీ రావాల.
మూట ఎత్తొద్దు.
ఎత్తొద్దు అన్నకాడ మాబున్ని వేళ్లు మడిచి
ఏవో లెక్కలేసుకుంది.

"ఆ రబ్బర్లు యాడికి పోతాయి?"
"రాలిపోతాయి. నీకు తెలీను కూడా తెలీదు."
"ఊరికే?"
"ఊరికే."

స్కోపు కడిగి గ్లోవు లాగితే
మణికట్టు మీద సజ్జగింజంత తెల్లమచ్చ.
దాన్ని చూసి ఎన్నేండ్లయిందో.
బయట తర్వాతి నంబరు పిలుస్తున్నారు.