రెండు చలికాలాలు

కౌన్సిల్ వాళ్ళు నాకిచ్చినవి మూడు:
పసుపు కోటు, ఒక జాబితా,
నారింజ రంగు స్ప్రే డబ్బా.
స్లీవ్ బ్లూమ్ కొండ దిగువన, సందు మలుపులో
జబ్బు చేసిన యాష్ చెట్లు పద్నాలుగు.
కొమ్మల కొసల్నుంచి కిందికి దిగుతున్న చావు.
గుర్తు వేయడం వరకే నా పని.
కొట్టేవాళ్ళు వేరే వస్తారు.

అట్రాక్టా డూలీ గేటు దగ్గరే ఉంది,
చేతిలో కోళ్ళ గింజల గిన్నె.
"తేదీ ఎంత?"
అక్టోబరు ముప్ఫై అన్నాను.
"అయితే ఏడాది ఇంకో రోజుంది. టీ తాగు."

ఆమె ఏడాది చీకట్లో మొదలవుతుంది.
సావిన్ రాత్రి దాటాక
కంచె మీద మిగిలిన నల్ల రేగిపళ్ళలాంటివాటిని
పిల్లలు కూడా ముట్టరు.
'వాళ్ళు' ఎంగిలి చేసి పోతారట.
ఎవరు వాళ్ళు అని నేనడగలేదు,
ఆమె చెప్పలేదు,
ఇద్దరం కిటికీలోంచి కాసేపు పొదవైపు చూశాం.

ఫిబ్రవరి మొదలవబోయే రాత్రి
వాకిట్లో విల్లో కొమ్మకి పాత తువ్వాలు కడుతుంది.
తెల్లారేలోపు బ్రిజిత్ దాన్ని తాకి వెళ్తే
ఏడాదంతా తలనొప్పికి అదే మందు.
నాకూ చూపించింది: గళ్ళ తువ్వాలు,
ఒక మూల ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ.

మే నెలలో ఆవు తోకకు
ఎర్రదారంతో రోవన్ పుల్ల.
హాథార్న్ పూలు మాత్రం గడప దాటకూడదు.
యాభై ఎనిమిదిలో చెల్లెలు ఈథ్నా
జామ్ సీసా నిండా ఆ పూలు పెట్టి
వంటింట్లోకి తెచ్చిందట.
అమ్మ సీసాతో సహా గోడ అవతలికి విసిరేసింది.
"తర్వాత ఆమెకేమైంది?"
"ఏమీ కాలేదు. కెనడాలో పదముగ్గురు మనవలు.
అమ్మ వేళకి విసిరింది మరి."

లూనసా ఆదివారం కొండెక్కి
నాలుకలు నీలమయ్యేదాకా పళ్ళు తినేవాళ్ళు.
దిగొచ్చాక పొలంలో హర్లింగ్.
కర్రలన్నీ అన్న లోర్కన్ చెక్కినవే.
యాష్ చెట్టు నేలను విడిచే చోట,
కాండం వేరులోకి ఒంగే ఆ వంపులో
హర్లీ ముందే పడుకుని ఉంటుందట,
తల్లి పక్కలో ముడుచుకున్న పిల్లలా.
దాన్ని లేపడమే తన పని అనేవాడు.

లేపేముందు అడిగేవాడు.
బెరడు మీద మూడుసార్లు తట్టి
పైపులో పొగాకు అయిపోయేదాకా ఆగేవాడు.
"చెట్టు ఏమైనా అనేదా?"
"ఒక్కటంటే ఒక్కటి వద్దంది.
అదిగో, కోళ్ళ గూటి వెనక."

టీ చల్లారింది. సందులోకి నడిచాం.
ప్రతి చెట్టు దగ్గరా ఆమె ముందు తట్టింది,
ఎవరెవరి చేతుల్లోకి వెళ్ళిందో
ఊళ్ళోవాళ్ళ పేర్లు చెప్పింది,
ఆనక పక్కకి జరిగి "ఊఁ, కానివ్వు" అంది.
పదమూడు గుర్తులు.
చివర్లో రంగు కారి నా బూట్ల మీద పడింది.

పద్నాలుగోది గూటి వెనకది.
తలెత్తి చూశాను.
పైన ఒక్క రెమ్మ ఎండింది.
మిగతాదంతా ఇంకా ఆకు వదలకుండా
మొండిగా పచ్చగా ఉంది.
తట్టింది ఆమె కాదు, ఈసారి నేను.
నాకు పైపు లేదు, ఎంతసేపు ఆగాలో తెలీదు.
ఒక కోడి వచ్చి నా బూటు మీది రంగుని పొడిచి చూసి
నచ్చక పోయింది.

ఫారంలో 'మళ్ళీ చూడాలి' అని రాశాను.
కారణం గడిలో ఏమీ రాయలేదు.

బయల్దేరుతుంటే కోటు జేబులో ఏదో కుక్కింది.
యాష్ గింజలు, తాళంచెవుల గుత్తిలా వేలాడేవి.
"తడి ఇసుకలో పెట్టు. రెండు చలికాలాలు పడుకుంటే గానీ
లేవవు. తొందరపెట్టకు."

ఇది మొదటి చలికాలం.
ఆఫీసు కిటికీ గట్టు మీద బిస్కెట్ల డబ్బా.
అందులో ఏముందని ఫైళ్ళు తెచ్చిన బ్రెఫ్నీ అడిగాడు.
ఇసుక, అన్నాను.