ఇంత జారు

సింధియా దాటాక నేవీ క్వార్టర్ల గోడకి ఆనించి
నాలుగు రేకుల పాక.
అందులో మా అప్ప నూకరత్నం, ఒక ఇత్తడి ఇస్త్రీపెట్టె,
మోకాలెత్తు తెల్ల యూనిఫారాలు.
పోర్టు మీంచి గాలి తిరిగితే
ముడి ఇనుము ధూళి దండేల మీద వాలేది.
ఉతికినవే మళ్లీ ఉతికేవాళ్లం.
అప్ప ఓడల్ని తిట్టేది, గాలిని తిట్టేది,
ఆనక బొగ్గులు విసిరి
గుప్పెడు నీళ్లు చిలకరించి
చుయ్‌మన్నాక పాట ఎత్తుకునేది.

గోడ అవతల మూడో అంతస్తు కిటికీలో
సర్దార్జీ గారి భార్య రొట్టెలు కాలుస్తూ రేడియో పెట్టేది.
మూడింటికి హిందీ పాటలు.
ఆ గొంతు దండెం మీద నడిచి వచ్చేది,
క్లిప్పులకి కాలు తగలకుండా.
మూడున్నరకి షిప్‌యార్డు సైరన్ కూస్తే
ఆయనొచ్చే వేళయిందని కట్టేసేది.

తెర మీద పెదాలు కదిపే ఆవిడ వేరు, పాడే ఆవిడ వేరని
నేను చెబితే అప్ప చెయ్యాపింది.
"మరైతే వాడుకున్నాక గొంతు తిరిగిచ్చేస్తారేటే?
ఎవలిదేదో గుర్తెట్టుకుంటారా?"
కాలరు లోపల నల్లజీడితో చుక్కలు పెట్టే మనిషి
అడగాల్సిన ప్రశ్నే.

అప్పకి హిందీ రాదు.
తనకి కావలసినట్టు వినేది.
రాత్ అంటే రాత అంది, నుదుటి మీద వేలు పెట్టుకుని మరీ.
జుదాయి వస్తే జూదమాయె అని పాడేది,
అక్కడ మా బావ గుర్తొచ్చి
పెట్టెని కాస్త గట్టిగా నొక్కేది.
బేకరార్ అని ఆ గొంతు వణికితే
ఈవిడ సముద్రం కేసి
బేగి రారా, బేగి రారా అనేది.
పారాదీప్ డ్రెడ్జరెక్కిన మనిషి
ఏడేళ్లుగా వినిపించుకోలేదు.
ఇంతజార్ దగ్గర మాత్రం ఆగి నవ్వేది.
"ఇంత జారు! ఎంత జారో సెప్పదు సూడు."

నేను హిందీ మధ్యమ ప్యాసయ్యాను.
సర్టిఫికెట్టు రేకు సందులో దోపి
ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి మొత్తం దిద్దాను.
రాత్ అంటే రాత్రి. జుదాయి, ఎడబాటు.
ఇంతజార్ అంటే ఎదురుచూడ్డం, అప్పా, జారడం కాదు.
అప్ప వింది. ప్యాంటు మడత సరిచేసింది.
"అలాగేటి" అంది.
ఆ ఏడాదంతా
పెట్టె చప్పుడు తప్ప పాకలో ఏమీ వినబడలేదు.
నాకు పద్నాలుగేళ్లు. గెలిచాననే అనుకున్నాను.

ఇప్పుడు గాజువాకలో హిందీ టీచర్ని.
డిక్టేషన్ పుస్తకాల్లో తప్పుల కింద
గీత గీయబోయి ఆగిపోతుంటాను.
ఆంసూ చెబితే ఒకడు అంచు అని రాశాడు.
అరమార్కు వేశాను.
ఎందుకో హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పలేకపోయాను.

ఆవిడ పోయిందని టీవీలో చెప్పిన రోజు
బస్సెక్కి సింధియా వెళ్లాను.
పెట్టె కరెంటుదయింది. అప్ప మోకాళ్లు అరిగాయి.
"ఏ ఊరావిడ?" అంది. చెప్పాను.
"పిల్లలేటి?"
తెలీదన్నాను.
ఫోన్లో ఒక పాట పెట్టాను, ఆ మూడింటి పాటల్లో ఒకటి.
కాలిన గంజి వాసన ఎక్కడిదో వచ్చింది.
అప్ప పెదాలు కదిలాయి. గొంతు బయటికి రాలేదు,
సినిమాలో ఆవిడలా.
పల్లవి. చరణం. మళ్లీ పల్లవి.
ఇంతజార్ వచ్చింది.
నేను నేల చూశాను.

రెండో చరణం ఎత్తుకోగానే
ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.
"ఇదెక్కడిది?"
పాటలోదే అప్పా, అన్నాను.
"కాదు. ఆపు. ఇక్కడ సైరనుండాల."

ఆపాను.
టైము మూడుంబావు.
ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం.