పదకొండో షరతు

అగ్రిమెంటు మీద సంతకం పెట్టిన రోజు
పదకొండో షరతు నేను చదవలేదు.
అడ్వాన్సు లక్షన్నర లెక్కపెట్టుకునే కంటికి
అంత సన్న అక్షరాలు ఆనవు.

ఆఫీసు నన్ను ఏడు నెలలు నాగపూర్ పొమ్మన్నాక
కగ్గదాసపుర రైలు కూత వింటూ
ట్యూబులైటు కింద వేలు పెట్టి చదివాను:
యజమాని రాతపూర్వక అనుమతి లేనిదే
ఇంటిని గానీ, ఇంట్లో భాగాన్ని గానీ
వేరొకరికి అద్దెకివ్వరాదు.

"దానికింత ఆలోచనా!" అంది పై ఫ్లాటు మృణాళిని.
"తాళం చేతిలో పెట్టి వెళ్లిపో.
ఎవరైనా అడిగితే నీ చెల్లెలని చెప్పమను."

ఢిల్లేశ్వరిది టెక్కలి దగ్గర ఊరు,
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.
నాది మదనపల్లె.
ఆమె "ఏటి" అంటుంది, నేను "ఏంది" అంటాను.
ఏ యాసలో అక్కాచెల్లెళ్లమవుతాం?
అయినా, నేనాడే అబద్ధం ఒక్క నిమిషం.
ఆమె అందులో ఏడు నెలలు కాపురముండాలి,
బ్యాంకు వాడికి చిరునామా చెప్పలేక,
మెట్ల మీద ఓనరు దగ్గు వినబడితే
చెప్పులు లోపలికి లాక్కుంటూ.

ఆదివారం కిందికి దిగాను.
నంజుండప్ప గారు సిటీ బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి.
కళ్లజోడు తుడుచుకుని, షరతు రెండుసార్లు చదివి,
కోలారు తెలుగులో అన్నారు:
"ఒకరి పాసు మీద ఇంకొకరు ఎక్కేది
ముప్పై ఏండ్లు చూసినా.
ఎంతమందిని దించినానో లెక్కలేదు.
ఎక్కకముందే వచ్చి అడిగినోళ్లు మాత్రం లేరమ్మా."

నేను మెత్తబడేలోగా ఆయన గట్టిపడ్డారు.
"ఆ పాప నీకిచ్చేది, నువ్వు నాకిచ్చేది ఒకటే ఉండాల.
అడ్వాన్సు నీ పేరు మీదనే.
నీళ్ల బిల్లు నిలిచిపోతే నాగపూరుకి ఫోన్ చేస్తా."
నెలకో రెండు వేలు మిగులుతాయని వేసుకున్న లెక్కని
ఆయనిచ్చిన కాఫీతో పాటే మింగేశాను.

రైలు గేటు పక్కన టైపు షాపు.
స్టాంపు పేపరు మీద మూడు పేర్లు.
నాది గీత. ఆయనది కన్నడం.
ఢిల్లేశ్వరి మాత్రం తెలుగులో,
ఇంటిపేరుతో సహా, ఒక్క ఒత్తు వదలకుండా
పేషెంటు చార్టు నింపినంత ఓపికగా రాసింది.
సిరా ఆరకముందే జిరాక్సు అడిగింది.
ఈ ఊళ్లో తన పేరూ ఇంటి నంబరూ
ఒకే కాగితం మీద కలవడం ఇదే మొదలట.

అంతా అయ్యాక నంజుండప్ప గారు
పాత అలవాటుకొద్దీ కాగితం తిరగేశారు.
చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక రాసినట్టే
పెన్సిలుతో రాసి, చుట్టూ సున్నా చుట్టారు:
హాలు ఫ్యాను రెగ్యులేటరు ఒకటి, బాకీ.

రెండేళ్లుగా నేనడుగుతున్నదే.
ఇక వసూలు చేసుకోవాల్సింది ఢిల్లేశ్వరి.