చల్లనీళ్ళకి

కాగితం మీద మూడే గేట్లు.
దారి మీద పదకొండు.
రెండు తారు పీపాలు, మధ్యన ఒక తాడు,
తాడు కొస పట్టుకుని నీడలో ఒక మనిషి.
అంతే, గేటంటే.

మానో నది వంతెనకి
ఈ ఎండాకాలమే పచ్చరంగు వేశారు.
తూటాల బెజ్జాల్లోకీ పోశారు రంగు.
వేలు పెట్టి చూస్తేగాని తెలియదు.

నా పేరు జార్తు.
పద్దెనిమిది డబ్బాల పామాయిలు, గంపెడు ఎండుచేపలు.
లారీలో డబ్బాల మీదే నా సీటు.
మూత వదులైనదానికి కాలి బొటనవేలు అడ్డం.

మొదటి గేటులో జ్వరం చూస్తారు,
తుపాకీలాంటిది నుదుటికి పెట్టి.
నా పక్కన కూర్చునే ముసలమ్మ జెబ్బె
ప్రతిసారీ కళ్ళు మూసుకుంటుంది.
"ముప్ఫై ఆరున్నర" అంటాడు కుర్రాడు.
బతికున్నందుకు సిగ్గుపడ్డట్టు
మెల్లిగా కళ్ళు తెరుస్తుంది.

రెండోది వ్యవసాయశాఖ వాళ్ళది.
మూడోది ఎవరిదో వాళ్ళూ చెప్పరు.
చొక్కా ప్రభుత్వానిది, ప్యాంటు సొంతం.
అందరి నోటా ఒకటే మాట:
"అమ్మా, చల్లనీళ్ళకి ఏమైనా?"
చెయ్యి తడవందే తాడు దిగదు.

ఏడో గేటు వార్నీది.
ఇతని తాడు నాకు తెలుసు.
గొంతు ఇంకా బాగా తెలుసు.
అప్పుడు పదమూడేళ్ళుంటాయేమో,
వాడికన్నా వాడి తుపాకీ పొడుగు.
ఇదే మలుపు. ఇవే పీపాలేమో కూడా.
"మా భాష మాట్లాడు" అనేవాడు,
"ఉప్పుని ఏమంటారు? మేకని ఏమంటారు?"
సంతలో నేర్చుకున్న మాటలు నన్ను దాటించాయి.
నా వెనక మా అన్న జోదువా.
ఉప్పు దాకా చెప్పాడు.
మేక దగ్గర నాలుక తడారింది.

తాడు నా వెనక మళ్ళీ లేచిన చప్పుడు విన్నాను.
తాడుకి చప్పుడుండదంటారు.

ఇప్పుడు వార్నీకి పొట్ట వచ్చింది,
మోకాలు కాస్త ఈడుస్తాడు.
బల్ల మీద ముద్ర, ఎండి బీటలిచ్చిన సిరాపెట్టె.
"చల్లనీళ్ళకి?" అన్నాడు.
నీళ్ళ ప్యాకెట్టే ఇచ్చాను. నిజం నీళ్ళు.
లారీలో ఎవరో నవ్వి ఆపుకున్నారు.
కాసేపు నన్నే చూశాడు.
గుర్తుపట్టాడో, లెక్కేసుకుంటున్నాడో.
తర్వాత మూల కొరికి తాగాడు,
అడుగున మిగిలిన చుక్కలు సిరాపెట్టెలో పిండాడు.

నా కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.
చూస్తూ ఊరుకున్నాను.
బడికెళ్ళే వయసంతా ఈ తాడు పట్టుకునే ఉన్నాడు కదా.
"కళ్ళు లాగుతున్నాయి, నువ్వే చదువు" అన్నాడు.
ఇరవై ఏళ్ళ తర్వాత
అదే చోట, మళ్ళీ నా నోటి మాట.

"పన్నెండు డబ్బాలు" అని చదివాను.

జెబ్బె దగ్గింది.
"పన్నెండు" అని నెమ్మదిగా రాసుకుని
ముద్ర కొట్టాడు.
దేశం పేరు నీలంగా, చెమ్మగా
అంచులు దాటి పాకింది.

ఎనిమిదో గేటు దాకా లెక్కగట్టాను
ఆరు డబ్బాల సుంకం ఎంతని.
అన్న ఖరీదు కాదది. తెలుసు.
అయినా వేళ్ళు మడిచి మడిచి లెక్కగట్టాను.

ఎనిమిదో గేటులో కొత్త కుర్రాడు.
యుద్ధం అయ్యాక పుట్టినవాడు,
షూ లేసులు సరిగ్గా కట్టినవాడు.
కాగితం తిన్నగా పట్టుకుని చదివాడు,
లారీ ఎక్కి డబ్బాలు తట్టి తట్టి లెక్కపెట్టాడు.
పద్దెనిమిది.
నా బొటనవేలు కిందిది కూడా.
మిగతా సుంకం, దాని మీద జరిమానా.
గొంతు పెంచలేదు, చల్లనీళ్ళు అడగలేదు.
రసీదు ఇచ్చాడు.
ఈ దారిలో నేను చూసిన మొదటి రసీదు.

తిట్టుకున్నాను వాడిని, పదో గేటు దాకా.
కప్పు నూనెకి ఎంత పెంచాలో మళ్ళీ మొదటినుంచి లెక్క.
ఆ రసీదు మాత్రం
నూనె అంటకుండా
ఎండుచేపల గంపలో, ఆకు కింద పెట్టాను.