ఒక్క గోరు

జూన్ నెల. జుగ్దిదీ ఆసుపత్రి. నల్లసముద్రం వైపు నుంచి ఉక్క.
మల్బరీ చెట్టు మీంచి పడ్డ ఏడేళ్ళ రేజీని
నాయనమ్మ ఝుఝునా దుప్పట్లో చుట్టి తెచ్చింది.
మోచేయి ఉండాల్సిన చోట
ఏ చేతికీ ఉండని వంపు.

"పక్కింటాయన లాగి సరిచేస్తానన్నాడు,
నేనే ఒప్పుకోలేదు" అంది.
బతికించావమ్మా, అనుకున్నాను.
విరిగిన అంచు పక్కనే నెత్తురు దారి, దాని వెంటే నరం,
ఇరుకింట్లో తోడికోడళ్ళలా.
ఒకరు కదిలితే ఇంకొకరికి మోచేతి పోటు.

మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించాను.
నాడి ఉందా? ఉన్నట్టుంది.
కొట్టుకునేది నా గుండేనేమో.
వాడి వేళ్ళు ఐదూ ఊదా రంగు.
రెండో చెయ్యి చూడాలని నాకు తోచలేదు.
ఆపరేషన్ గదికి కబురు పెట్టబోతుంటే
నర్సు ఎతేరి స్పిరిట్ దూదితో
ఉంగరం వేలి గోరొక్కటే
మాడిన గిన్నె తోమినట్టు తోమింది.
ఊదా అంతా దూదికంటింది.
నొక్కింది, తెల్లబడింది.
వదిలింది.
ఒకటి, రెండు అనేలోపే ఎరుపు తిరిగొచ్చింది.
"మల్బరీ రసం, డాక్టర్."
ఆవిడ నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రాత్రీ చూడలేదు.

ముక్కులో మందు పడ్డాక ఏడుపు వెక్కిళ్ళయింది.
పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో
ఎముక వెనక నల్లటి తెరచాప,
కీలులో నెత్తురు నిండి కొవ్వును పైకి నెట్టింది.
పై ఎముక ముందంచు వెంట గీత గీస్తే
కింది బుడిపె మధ్యలోంచి పోవాలి.
బుడిపె అలిగి వెనక్కి వెళ్ళి కూర్చుంది.

బొటనవేలు ఎత్తమన్నాను, ఎత్తాడు.
వేళ్ళు మెలివేయమన్నాను, మూలుగుతూ వేశాడు.
బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టమంటే
నా మొహం చూశాడు.
ఎతేరి వాడి జేబులోంచి
నలగని పండొకటి తీసి బల్ల మీద పెట్టింది.
"కొసలతో తియ్యి."
కొసలు వంగలేదు. పండు చితికింది.
పండు పోయిందని ఏడ్చాడు.
కాగితం మీద రాశాను:
నాడి ఉంది. చిటికె నరం పలకడం లేదు. తొమ్మిది యాభై రెండు.
ఇప్పుడు రాయకపోతే రేపు
అది చెట్టు తప్పో మా తప్పో ఎవరికీ తెలీదు.

చెయ్యి నిటారుగా చాపకుండా, కాస్త వంపులోనే
వెనక నుంచి కట్టు వేసి, మళ్ళీ నాడి.
ఉంది. ఈసారి నాది కాదు.

తెల్లారాక రెండు తీగలు గుచ్చారు,
నాలుగు వారాలకు తీసేశారు.
నరం మాత్రం ఎవరి మాటా వినలేదు.

సెప్టెంబర్ ఆఖర్లో ద్రాక్ష గుత్తితో వచ్చాడు.
రెండు కొసలూ కలిపి ఒక్కో పండే తుంచి
ఎతేరి గిన్నెలో వేస్తున్నాడు, పైకి లెక్కపెడుతూ.
పదకొండో పండు చిట్లి
రసం గోటికంటింది.
మేమిద్దరం
ఒకేసారి ఆ గోరు వైపు చూశాం.