రెండుసార్లు తట్టితే

మట్టి కరిపించినాడు అనే మాట
పేపర్లో ఎన్నిసార్లు చదివుంటానో.
సోమవారం పొద్దున ఆరుంబావుకు
ఆదోని కోట కింద తాలీంలో
దాని రుచి తెలిసింది.
పసుపు, పుల్లమజ్జిగ, నువ్వులనూనె,
ఎవరిదో నిన్నటి చెమట.
"ఉమ్మేయ్ టీచరమ్మా, మింగొద్దు"
అన్నాడు ఖాదర్‌లింగ ఉస్తాద్.

కస్తూర్బా బడి నుంచి పంపినారు నన్ను.
ఆడపిల్లలకు నేర్పాలంట, ముందు నేను నేర్వాలంట,
వారం దినాల్లో,
ముప్పైరెండేండ్ల ఒంటితో.

గురువులు ముగ్గురు.
వాళ్ళ తగువంతా వీపు గురించే.
వీపు మట్టికి తగిలిందా, చిత్తు, లేచి పో అంటాడు ఉస్తాద్.
మునిసిపల్ హాలు మిద్దె మీద
జూడో నేర్పే రంగప్ప సారు
వీపు మీద పడడమే మొదటి పాఠం అంటాడు.
"గడ్డం ఎదకు ఆనించు. చేత్తో చాపను గట్టిగా కొట్టు.
పడేది ఎట్లాగూ పడతావు, సక్కగా పడు."
బెంగుళూరులో జియుజిట్సు నేర్చుకొచ్చిన తిప్పేస్వామి,
మీసం కూడా సరిగ్గా రాలేదు వానికి,
వెల్లకిలా పడుకొని నవ్వుతా పిలుస్తాడు.
"రాండి మేడమ్, ఆట ఇక్కడే మొదలు."

మంగళవారం నూటపదిసార్లు పడినా.
లెక్క నాది కాదు,
గోడవారగా కూచున్న మా బడి పిల్లలది.
డెబ్బై దాటినాక నవ్వడం మానేసినారు.

గొంతు పట్టు గురించి రోంత చెప్పాల.
మోచేతి మడత గవద కింద కూచుంటాది.
ముందు పోయేది ఊపిరి కాదు, వెలుతురు.
ట్యూబులైటు చుట్టూ నల్లంచు అల్లుకుంటా వస్తాది.
అప్పుడు ఎదుటోళ్ళ చెయ్యి మీద
రెండుసార్లు తట్టాల.
వదిలేస్తారు.
అరవక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు,
ఇరుగుపొరుగును పిలవక్కర్లేదు.

మొదటిసారి తిప్పేస్వామి వదిలినప్పుడు
నా కండ్లు తడిసినాయి.
"నొప్పా మేడమ్?"
కాదని తలూపినా.
ఏం చెప్తా వానికి,
ఆలూరు రోడ్డులో ఒక బాడుగింట్లో
ఎన్ని తట్లు తట్టినా వదలని చెయ్యి ఒకటుండేదని.
ఉడుంపట్టు అంటారు, ఏదో గొప్పగా.
ఉడుముకు వదలడం ఎవరు నేర్పినారు గనక.

శుక్రవారం తాలీంకు సెలవు.
నాయనకు సద్ది తీసుకొని మార్కెట్ యార్డుకు పోయినా.
దడవాయి కేకలు, గాల్లో పత్తి నుసి.
నాయన బోరెం ముందర నిలబడినాడు.
పాదం దాని పక్కకు, నడుము దానికంటే కిందికి,
ఒక్క మలుపు.
అదే ఎక్కినట్టుంది ఆయన వీపు మీదికి.
"బలం కాదమ్మా, బరువు కిందికి పో" అని
నాలుగు దినాలుగా రంగప్ప సారు గొంతు చించుకునేది ఇదే.
దానికి జపాను పేరొకటుంది.
నాయనకు తెలీదు.
ముప్పైయేండ్ల హమాలీలో
పగటిపూట ఆ వీపు నేలకు ఆనింది నేను చూల్లేదు.

ఎత్తేముందు బోరేన్ని రెండుసార్లు తట్టినాడు.
చిన్నప్పటి నుంచి చూస్తానే ఉండా,
అడగాలని ఎప్పుడూ తోచలే.
"ఎందుకు నాయనా?"
"బరువు యాడుందో చెప్తాదిమ్మా.
తట్టకుండా ఎత్తినోని నడుము మిగలదు."

శనివారం ఒక్కసారి, ఒకే ఒక్కసారి,
తిప్పేస్వామి నా నడుం మీదుగా పోయి చాప మీద పడినాడు.
చప్పుడు బాగుండె.
ఆ తర్వాత వాడు నన్ను ఏడుసార్లు పడేసినాడు,
అది వేరే సంగతి.

మళ్ళీ సోమవారం. బడి గ్రౌండు.
పల్లేరుకాయలు ఏరి, దుప్పట్లు పరిచి
జతలు జతలుగా నిలబెట్టినా.
ఎప్పుడు పడేయాల మేడమ్, అని ఒకటే గోల.
ముందు తట్టడం, అన్నా. తడితే వదలడం.

తొమ్మిదో తరగతి హులిగెమ్మ
హాజరు పిలిస్తే కూడా పెదవి కదపదు.
అవతలిపిల్ల చెయ్యి మెడకు తగలకముందే
తట్టేసింది.
అందరూ నవ్వినారు.
నేను నవ్వలే.
"మళ్ళీ" అన్నా.

ఈసారి పట్టు పడేదాకా ఆగింది.
ఆ చేతి మీద మెల్లగా ఒకటి,
రోంతసేపు ఆగి, రెండు,
బరువు యాడుందో చూసుకుంటున్నట్టు.