గొర్రెల మందు

మంగళవారం రాత్రి, జూలై చలి.
టపానుయి దాటాక పాత ఉన్ని కొట్టంలో మా గురి పందేలు.
రేకుల మీద మంచు బిగుసుకుంటుంటే
లోపల ఒకటే హీటరు, దాని చుట్టూ ఆరుగురం.
తూటాల కంటే ముందు మాటలు పేలతాయి.

నెవిల్ అంటాడు:
"తుపాకులన్నీ నల్లగానే ఉంటాయి గదా,
మూడున్న చోట నాలుగోది నిలబెడితే
మా నోలీన్‌కి ఆనదు.
ఆనిన రోజున, ఇదా, మా బాబాయిది అంటాను."
ఆ బాబాయి పోయి ఇరవై ఏళ్ళు.
ఇప్పటికీ ఏడాదికొకటి
వారసత్వంగా పంపుతూనే ఉన్నాడు.

గ్రాంట్‌ది ఇంకో దారి.
ఇంటావిడ కర్టెన్లు మార్చిన వారమే కొంటాడు.
ఆమె బిల్లూ ఇతని బిల్లూ
ఒకే సొరుగులో పడుకుంటాయి.
ఆ సొరుగు ఇద్దరూ తెరవరు.
పాతికేళ్ళ కాపురం అలా నిలబడింది.

నాదంతా పద్దుల్లో పనితనం.
దుర్భిణి కొన్ననాడు పొలం చిట్టాలో
'గొర్రెల మందు' అని రాశాను.
తూటాలూ గొర్రెల మందే. తోలు ఒరా అంతే.
ఆ లెక్కన మా మందలో
ఏడు తరాల దాకా నులిపురుగు పుట్టకూడదు.

లాకీ ఒక్కడే నవ్వలేదు.
ఏప్రిల్లో మేవిస్ పోయింది.
ఫిన్లండు తుపాకి, కొత్తది, బల్ల మీద పెట్టి
పక్కనే రసీదు మడత విప్పి పరిచాడు.
మూడు వేల నాలుగు వందల పది డాలర్లు.
మేమంతా వంగి చూశాం,
ఎవరికీ నోరు పెగల్లేదు.
"తగ్గించి చెబుదామంటే ఎవరున్నారు" అన్నాడు,
గొట్టం ఈ చివరి నుంచి
ఆ చివర దీపాన్ని చూస్తూ.
నెవిల్ లేచి
హీటరు అతని వైపు తిప్పాడు.

ఆగస్టులో నేనూ ఒకటి కొన్నాను.
పికప్పులో కుక్క దుప్పటి కింద చుట్టి తెచ్చాను.
దుప్పటి తనదని కుక్క ఊరుకోలేదు,
వంటింటి దాకా మొరుగుతూ వచ్చింది.

రేవిన్ పన్ను కాగితాల మధ్య ఉంది.
"ఎంత?"
"రెండు వందలు. ఎవరో పాపం అమ్ముకుంటుంటే..."
కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు.
మళ్ళీ కాగితాల్లోకి.
"అంత చవకా! అయితే నాకూ ఒకటి పట్రా."

నోట్లో వెలక్కాయ.
తెచ్చాను మరి. రెండు వేల ఎనిమిది వందలు పోసి
రెండు వందల తుపాకి.

అంతకు ముందే ఆమె లైసెన్సు కోసం పోలీసాయన వచ్చాడు.
ఇనప్పెట్టె తెరిపించి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు,
మనసులో కాదు, పైకే.
ఐదు, ఆరు, ఏడు...
నేను కిటికీలోంచి గడ్డి చూస్తున్నాను.
రేవిన్ ఆయనకి టీ పోస్తోంది.
తొమ్మిది అన్నప్పుడు కూడా చుక్క తొణకలేదు.
ఆమెకి ఎప్పుడో వచ్చిన ఎక్కం అది.

ఇప్పుడు మంగళవారాలు ఏడుగురం.
నెవిల్ బాబాయి మళ్ళీ చచ్చిపోయాడు.
గురి అట్ట మీద నా గుళ్ళు జల్లెడ పోస్తాయి,
ఆమెవి ఐదూ ఒకే బెజ్జంలోంచి వెళ్ళిపోతాయి.
లాకీ ఆ అట్టని దీపానికెత్తి చూసి
చాన్నాళ్ళకి ఈల వేశాడు.

నిన్న కొరియరు వ్యాను గేటు దగ్గర
పొడుగాటి అట్టపెట్టె దించింది.
పైన రేవిన్ పేరు.
"ఏమిటది?"
పెట్టె భుజానికెత్తుకుని, నన్ను దాటుకుంటూ,
"గొర్రెల మందు" అంది.

నవ్వొచ్చింది. ఆపుకున్నాను.
బల్ల మీద విప్పి పరిచిన ఆ రసీదు గుర్తొచ్చి
వెనకాలే వెళ్ళి,
కాస్త గట్టిగానే అడిగాను:
"ఎంత?"